ఆఖరి వరసలో బాపయ్య గారి చేను

శ్రీరమ్య భయస్తురాలన్న సంగతి ప్రత్తిపాడులో తెలియనివాళ్లు లేరు. కుక్క మొరిగితే వీధి మారుస్తుంది. ఉరిమితే ఫోన్ ఆపేసి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. గ్యాస్ కట్టేశానో లేదోనని బస్టాండు దాకా వెళ్లి కూడా వెనక్కొస్తుంది. డిగ్రీ కాగానే మంగళగిరిలో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. చల్లటి గది, తిరిగే కుర్చీ, నెల తిరిగేసరికి జీతం. కానీ ఆ ఆఫీసు పై అంతస్తులో ఉంది, పోవాలంటే లిఫ్టు ఎక్కాలి. లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఎవరు తీస్తారని ఈవిడగారు రోజూ మెట్లే ఎక్కేది. పక్క సీటు సౌజన్య నవ్వీ నవ్వీ అలసిపోయి, చివరికి ఆమెతో పాటు మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆ స్నేహం మాత్రం నిలిచింది, ఉద్యోగం నిలవలేదు. ఏడాది తిరక్కుండా శ్రీరమ్య ఊరికి వచ్చేసింది.

ఊళ్లో అందరూ ఏడిపించేవాళ్లు. వాళ్లమ్మ సామ్రాజ్యం కూడా తక్కువేం తినలేదు. "మా పిల్ల తన నీడను చూసి తానే జడుసుకునే రకం తల్లీ" అని మిరపకోతల్లో పదిమందికీ చెప్పి నవ్వించేది. పక్కనే ఉన్న కూతురు మూతి ముడుచుకునేది, కానీ ఏమీ అనేది కాదు. ఎందుకంటే ఆ భయం ఎక్కడ పుట్టిందో తల్లీకూతుళ్లిద్దరికీ తెలుసు.

శ్రీరమ్య మూడో తరగతిలో ఉండగా నాన్న రంగయ్య పత్తి చేలో మందు కొట్టడానికి వెళ్లి, ఎదురుగాలికి కొట్టి, గట్టు మీద బోర్లా పడిపోయాడు. నలుగురు మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. నోట్లోంచి నురగ, వంటి నుంచి ఆ ఘాటు వాసన. మనిషి బతికాడు కానీ ఆ తర్వాత మంచినీళ్ల గ్లాసు రెండు చేతులా పట్టుకుంటే తప్ప తాగలేకపోయాడు. పోయేదాకా అంతే. ఆ పిల్ల ముక్కులో ఆ వాసన అలాగే ఉండిపోయింది. బల్లికీ పిల్లికీ భయపడుతోందని లోకమంతా నవ్వితే నవ్వనీ, ఆమె అసలు భయం అది ఒక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు.

ఊరికొచ్చాక మిరప రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ పని దొరికింది. సంఘం కార్యదర్శి సురేంద్ర మంచివాడే, కాకపోతే తొందర మనిషి. ఏ చేలో ఏ రోజు ఏ కూలీల ముఠా కాయ కోయాలో సంఘమే చెబుతుంది, ఏ చేలో మందు కొట్టాలో కూడా సంఘమే చెబుతుంది. ఈ రెండూ ఒకే చేతి మీదుగా నడుస్తున్నా ఒకదానికొకటి తెలియకుండా నడిచేవి. నిన్న సాయంత్రం మందు కొట్టిన చేలోకి ఇవాళ పొద్దున్నే ఆడవాళ్లు దిగడం మామూలైపోయింది. "ఏం కాదు, దిగండి" అనేవాడు రైతు. కళ్లు మండుతున్నా కొంగు అడ్డం పెట్టుకుని కోసేవాళ్లు.

ఈ విషయంలో మాత్రం శ్రీరమ్య సురేంద్రను ఎదిరించింది. ఎదిరించడమంటే గొంతు పెంచిందని కాదు, ఆమెకంత లేదు. రోజూ పొద్దున్నే ఆయన టేబుల్ దగ్గర నిలబడి, "సార్, మందు కొట్టాక రెండు రోజులు ఎవరినీ దించకూడదండి" అని కళ్లనీళ్లతో చెప్పేది. పడలేక ఆయన ఒప్పుకున్నాడు. "సరే తల్లీ, ఆ లెక్కేదో నువ్వే చూడు. ముఠాలకు నువ్వే చెప్పు" అన్నాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఒక్కో ముఠా మేస్త్రికీ ఆమె ఫోన్‌లో మెసేజ్ పెడుతుంది. చేను పేరు, పక్కన ఒకే మాట, దిగొచ్చు లేదా దిగొద్దు.

మొదట్లో కంటితో చూసి రాసేది. ఈ ఏడు నల్ల తామర పురుగు ఊరంతా పాకింది. మందు కొట్టే చేలు పెరిగాయి, కోత చేలు పెరిగాయి, కంటితో చూసే పని కాలేదు. అందుకని ఎక్సెల్‌లో రెండు పట్టికలు పెట్టుకుంది. ఒకటి మందు పట్టిక. ఈ రెండు రోజుల్లో మందు కొట్టిన చేలు మాత్రమే అందులో ఉంటాయి, తాజా రోజువి పైన, ఏ రోజుకారోజు కొట్టిన వరసలోనే ఉంటాయి. మందు కొట్టే యలమంద ఏ ఊరు వెళ్లినా ఈశాన్యం మూలనున్న చేలోనే పంపు భుజానికెత్తుకుంటాడు. ఆ మూల మొదలుపెడితే పని సాఫీగా సాగుతుందని వాళ్ల నాన్న చెప్పాడట. కాబట్టి పట్టికలో పైన ఎప్పుడూ ఈశాన్యం చేలే ఉంటాయి. రెండోది ముఠాల పట్టిక. అందులో బసవమ్మ ముఠాను ఆమె ఎప్పుడూ ఆఖరున రాస్తుంది, ఎందుకంటే వాళ్లమ్మ ఆ ముఠాలోనే కోస్తుంది. సొంతవాళ్లను పైన రాసుకుందని ఎవరైనా అంటారేమోనని అదొక భయం.

ముఠాల పట్టికలో ప్రతి చేను పక్కనా వీ లుకప్ ఫార్ములా పెట్టింది. ఆ చేను పేరు పట్టుకుని మందు పట్టికలో వెతికి, దొరికితే మందు కొట్టిన తేదీ తెచ్చి చూపించడం దాని పని. దొరకకపోతే హ్యాష్ గుర్తుతో ఎన్, ఏ అని వేస్తుంది. మందు కొట్టని చేలన్నింటి పక్కనా అదే కనిపించింది.

సురేంద్ర ఆమె భుజం మీదుగా తెర చూసి మొహం చిట్లించాడు. "ఏంటమ్మా ఇది, తెరంతా పిచ్చి గీతలు? రేపు మద్రాసు నుంచి కొనేవాళ్లొస్తున్నారు. చూస్తే ఏదో పాడైపోయిందనుకుంటారు. తీసెయ్."

"అంటే సార్, అది దొరకలేదని చెప్తోందండి."

"దొరకలేదంటే మందు కొట్టలేదనేగా? ఆ మాటే రాయి. దిగొచ్చని రాయి. అందరికీ అర్థమవుద్ది."

వినడానికి బాగానే ఉంది. ఫార్ములా చుట్టూ ఇంకో ఫార్ములా తొడిగింది. దొరక్కపోతే దిగొచ్చు అని దానికి చెప్పింది. మొదటి వరసలో పెట్టి, మూల మీదున్న చిన్న చుక్కను పట్టుకుని కిందికి లాగింది. చకచకా నిండిపోయింది. పైనున్న నాలుగు వరసలనూ మందు పట్టికతో వేలు పెట్టి సరిచూసుకుంది. తన చూపు మీద తనకు నమ్మకం లేక మళ్లీ చూసుకుంది. అన్నీ సరిపోయాయి. కింద వరసలు కూడా చూసేదే. "ఇంకా కాలేదా, ఆటోవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు" అని సురేంద్ర గది గుమ్మంలో నిలబడి గోల పెట్టాడు. మెసేజ్‌లు పంపేసి ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకుంది.

మర్నాడు ఎండెక్కుతుండగా ఆఫీసు తలుపు తీసింది. యలమంద వచ్చి మందు డబ్బాలు లెక్క చూసి తీసుకుంటున్నాడు. మాటల్లో మాటగా, "నిన్న పొద్దుగూకే దాకా పట్టింది చెల్లెమ్మా. బాపయ్య గారి చేలో మొదలెట్టానా, పురుగు మామూలుగా లేదు. బాగా ఘాటుగా కలిపి కొట్టా" అన్నాడు.

బాపయ్య గారి చేను. ఆ పేరు చెవిన పడగానే ఆమె లేచి నిలబడింది. నిన్న సాయంత్రం ఆ పేరు రాసినట్టు గుర్తు. ఏ ముఠా పక్కన రాసిందో కూడా గుర్తు. కానీ అలా అయ్యుండదనుకుంది. మందు పట్టికలో ఆ పేరు తానే ఎక్కించింది, అన్నిటికంటే పైన ఎక్కించింది. వీ లుకప్‌కి కనపడకుండా ఎలా పోతుంది?

కంప్యూటర్ తెరుచుకునే లోపల గోళ్లు కొరుక్కుంది. ముఠాల పట్టికలో ఆఖరి వరస, బసవమ్మ ముఠా, బాపయ్య గారి చేను, దిగొచ్చు. పక్కనే మందు పట్టిక తెరిచింది. మొదటి పేరు బాపయ్య గారి చేను, నిన్నటి తేదీ.

"అన్నా" అంది. అతను డబ్బాలు లెక్కపెడుతూనే ఉన్నాడు. మళ్లీ "యలమంద అన్నా!" అని కేక పెట్టింది. "మా అమ్మావాళ్లు బాపయ్య గారి చేలో ఉన్నారు. నేనే పంపా. పో అన్నా, బండి తీసుకుని పో, బయటికి లాగెయ్!"

యలమంద మొహంలో రంగు మారింది. డబ్బాలు అక్కడే వదిలేసి బండి మీద ఉరికాడు. శ్రీరమ్య బసవమ్మకు ఫోన్ చేసింది. మోగీ మోగీ ఆగిపోయింది. అమ్మకు చేసింది. అదీ అంతే. ఫోన్లన్నీ గట్టు మీద క్యారేజీ సంచుల్లో ఉంటాయని ఆమెకు తెలుసు. సాళ్ల మధ్యలో ఉన్నవాళ్లకు వినపడదనీ తెలుసు. అయినా చేస్తూనే ఉంది. బాపయ్యకు చేస్తే ఆయన అద్దంకిలో కూతురింట్లో ఉన్నాడు. "చేను మీకే వదిలేశాను కదమ్మా" అన్నాడు.

కాళ్లు గుమ్మం వైపు లాగుతున్నాయి. వెళ్లిపోదామని స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు తోచింది ఇంకో మాట. ఆఖరి వరస ఒక్కటే తప్పయితే సరే. ఆ పైవి? నిన్న ఆమె చూసింది పై నాలుగు వరసలే. మధ్యలో ఇంకెన్ని అబద్ధాలున్నాయో, ఇంకెంతమంది ఆడవాళ్లు తడి ఆకుల్లో చేతులు పెడుతున్నారో. అమ్మ దగ్గరికి యలమంద వెళ్లాడు. వాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తారు?

తాళం బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడింది. మంగళగిరికి ఫోన్ చేసింది.

"సౌజన్యా, లుకప్ తప్పు చెప్తోందే. పైన సరిగ్గా ఉంది, కింద లేదు. పేరు అక్కడ ఉంది, నా కళ్ల ముందు ఉంది, దానికి దొరకట్లేదు."

"ఏడవకు. ఏమైంది అసలు?"

"తర్వాత చెప్తా. ముందు ఇది చెప్పవే, నీకు దణ్ణం పెడతా."

సౌజన్య నవ్వలేదు. ఆ గొంతు మెట్ల దగ్గర విన్న గొంతు కాదని ఆమెకు తెలిసిపోయింది. "మొదటి వరస ఫార్ములా మీద నొక్కు. వెతికే పట్టిక ఎక్కడ మొదలవుతోంది?"

"రెండో వరస నుంచి."

"ఇప్పుడు ఆఖరి దాని మీద నొక్కు. అందులో ఎక్కడ మొదలైంది?"

శ్రీరమ్య నొక్కింది. చూసింది. రెండు ఉండాల్సిన చోట పెద్ద అంకె ఉంది. పైన సగం పేర్లను వదిలేసి, పట్టిక మధ్యలోంచి వెతుకుతోంది అది. అడుగున ఖాళీ గళ్లను కూడా బుద్ధిగా వెతుకుతోంది. పైనున్న బాపయ్య గారి చేను దాని చూపులో లేనే లేదు.

"జారిపోయిందే" అంది.

"జారదా మరి? నువ్వు ఫార్ములాను ఒక గడి కిందికి లాగితే పట్టిక కూడా ఒక గడి కిందికి దిగుద్ది. గుంజకు కట్టని గేదె మేసుకుంటూ పోయినట్టు పోద్ది. కట్టెయ్యాలి. పట్టిక అక్షరానికి ముందొకటి, అంకెకు ముందొకటి డాలర్ గుర్తు పెట్టు. మొదలుకీ చివరికీ రెండింటికీ. చేను పేరుకి మాత్రం పెట్టకు, అది కదలాలి."

కంగారులో డాలర్ బదులు శాతం గుర్తు పడింది. చెరిపింది. మళ్లీ పెట్టింది. చుట్టూ తొడిగిన రెండో ఫార్ములాను పీకేసింది. గీతలొస్తే రానీ, ఎవరు చూస్తే చూడనీ. చుక్క పట్టుకుని కిందికి లాగింది. ఈసారి ఒక్కో వరసా వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చూసింది. రెండు చోట్ల కొత్తగా తేదీలు వచ్చి కూర్చున్నాయి. ఒకటి ఆఖరిది. ఇంకోటి దానికి పైనున్నది, బుల్లయ్య ముఠా.

బుల్లయ్యకు ఫోన్ కలిసింది. టైరు పంచరై ఆటో ఇంకా రోడ్డు మీదే ఉందట. "దిగొద్దు బాబాయ్, దిగొద్దు, వెనక్కొచ్చెయ్యండి" అని అరిచింది. అంత గట్టిగా అరవగలదని ఆమెకే తెలియదు. ఆఫీసు తలుపు బార్లా వదిలేసి స్కూటీ ఎక్కింది.

డొంక దారిలో ఆ స్కూటీని ఆమె ఎప్పుడూ నడక వేగం దాటించి నడపలేదు. ఆ పూట గోతులు చూడలేదు, ఎదురొచ్చే పత్తి లారీని చూడలేదు. నాన్న బోర్లా పడ్డ గట్టు ఒక్కటే కళ్ల ముందు కనపడుతోంది. దేవుడా, మా అమ్మ చేతులు వణకనీయకు అని దారి పొడుగునా మొక్కుకుంది. చేను ఇంకా కనపడక ముందే వాసన తగిలింది. చిన్నప్పటి అరుగు మీద వాసనే.

ఆడవాళ్లంతా బయటే ఉన్నారు. చీరల మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కాలు మంచుకు, మందుకు తడిసి ఉన్నాయి. యలమంద బోరు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ చేతులు, మొహం కడుక్కోమంటున్నాడు. ఇద్దరు తల పట్టుకుని కూర్చున్నారు. ఒకామె వాంతి చేసుకుంటోంది. సామ్రాజ్యం కాయలు మోసే ట్రాలీ నీడలో పక్కకు తిరిగి పడుకుంది. అందరికంటే లోపలికి వెళ్లింది ఆవిడేనట. కళ్లలోంచీ నోట్లోంచీ నీరు కారుతోంది. కూతురిని చూసి ఏదో అనబోయింది, మాట ముద్దగా వచ్చింది.

"అమ్మా, నేనేనమ్మా. నా తప్పమ్మా" అని శ్రీరమ్య ఆ చొక్కా విప్పి అవతల పారేసింది. వాసన ముక్కుకు కొట్టింది. అయినా ముక్కు మూసుకోలేదు.

ఆసుపత్రిలో సూదులు వేశారు, సెలైన్ ఎక్కించారు. మిగతావాళ్లు మధ్యాహ్నానికి లేచి కూర్చున్నారు. సామ్రాజ్యానికి మాత్రం సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు. సురేంద్ర వచ్చి మంచం పక్కన నిలబడి, "కంప్యూటర్ తప్పమ్మా, నువ్వేం మనసులో పెట్టుకోకు" అన్నాడు. శ్రీరమ్య ఆయన వంక చూసింది. "కంప్యూటర్ దొరకలేదనే చెప్పిందండి. దొరక్కపోతే లేనట్టే అనుకున్నది మనమండి" అంది. ఆయన బయటికి వెళ్లి, ఆడవాళ్లందరికీ కొబ్బరిబోండాలు తెచ్చిపెట్టాడు.

దీపాలు వెలిగించే వేళకు సామ్రాజ్యం కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. శ్రీరమ్య గ్లాసు అందించింది. అమ్మ ఒక్క చేత్తో పట్టుకుంది. ఆ చేతి వంకే చూసింది కూతురు. వణకలేదు. నీళ్లు ఒలకలేదు. అప్పుడు ఏడుపొచ్చింది, పొద్దున్నుంచి ఆపుకున్నదంతా.

"ఛ, ఊరుకోవే. ఏం కాలేదుగా" అంది సామ్రాజ్యం. బసవమ్మ మంచం చివర కూర్చుని ఉంది. ఇంకెవరూ లేరు.

"మీకు వాసన రాలేదా పిన్నీ?" అని శ్రీరమ్య అడిగింది. పొద్దున్నుంచి ఆమెను తొలుస్తున్న మాట అదే.

"రాకేం? గట్టెక్కగానే గుప్పుమంది" అంది బసవమ్మ. "నేను ఆగిపోయా. నిన్నే కొట్టినట్టున్నారు, వద్దమ్మా అన్నా. మీ అమ్మే వినలా."

సామ్రాజ్యం దిండు మీద తల కాస్త ఎత్తింది. గొంతు ఇంకా జీరగానే ఉంది, అందులో గర్వం మాత్రం తగ్గలేదు. "అవునే. మా పిల్ల సంగతి మీకు తెలవదా, బల్లి అరిస్తే బయటికి పోదు, అదే దిగొచ్చని రాసిందంటే ఇంక అనుమానం దేనికి అన్నాను. ముందు నేనే దిగా. నా ఎనకాల వీళ్లు దిగారు."

ఊళ్లో అందరూ ఇన్నేళ్లూ ఆమె భయాన్ని చూసి నవ్వారు. ఒక్కనాడు ఆ భయాన్ని నమ్మారు. తమ ముక్కుల కంటే ఎక్కువ నమ్మారు. శ్రీరమ్య అమ్మ చేతిలోంచి గ్లాసు తీసుకుని కిటికీలో పెట్టింది.

రెండో రోజు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లింది. పట్టిక తెరిచింది. డాలర్ గుర్తులు పెట్టినచోట పెట్టినట్టే ఉన్నాయి. తెర నిండా గీతలున్నాయి, ఎవరూ తీసెయ్యమనలేదు. ఒక్కో వరసా వేలు పెట్టి చూసుకుంటూ ఆఖరిదాకా వెళ్లింది. బసవమ్మ ముఠా, వేరే చేను, మందు పట్టికలో పైనుంచి కిందిదాకా ఎక్కడా లేదు. యలమందను అడిగింది. కొట్టలేదన్నాడు. అయినా మెసేజ్ పెట్టడానికి చెయ్యి ఆడలేదు.

ఫోన్ మోగింది. "గట్టు మీదున్నామమ్మా" అంది బసవమ్మ. "ఏమంటావు, దిగమంటావా?"

"నా పట్టికలో దిగొచ్చనే ఉంది పిన్నీ" అంది శ్రీరమ్య. భయాన్ని దాచుకోవాలని చూడలేదు. "కానీ నువ్వు ఫోన్ పెట్టెయ్యకు. గాలి వచ్చే వైపు నిలబడి ఒకసారి వాసన చూడు. చూసి నాకు చెప్పు. నువ్వు చెప్పాకే నేను చెప్తా."

అవతల బసవమ్మ ఊపిరి గట్టిగా పీల్చడం ఫోన్‌లో వినిపించింది. శ్రీరమ్య ఆమె జవాబు కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది.